ఫరీదాబాద్‌లో చోర్‌వాలీ గలీ

జనవరి మొదటి వారంలో ఒక మధ్యాహ్నం, మా పై క్వార్టర్లో ఉండే సంతోష్ ఆంటీ హిందీ పేపరు ముక్క ఒకటి పట్టుకుని కిందికి దిగి వచ్చారు. ఆవిడ అసలు పేరు వేరు, ఇక్కడికి సంతోష్ అనుకోండి. మన వైపు అది మగపిల్లల పేరు గానీ, పంజాబీల్లో ఆ తరం ఆడవాళ్ళలో వీధికొక సంతోష్ ఉంటుంది. ఆవిడ కొడుకూ మా ఆయనా ఒకే మంత్రిత్వ శాఖలో పనిచేస్తారు. మేము సరోజినీ నగర్ వచ్చిన ఈ మూడేళ్ళలో ఆవిడ నాకు కఢీ పెట్టడం నేర్పారు, నేను ఆవిడకి పులిహోర నేర్పాను. ఆదివారాలు ఢిల్లీలో కోటలూ సమాధులూ తిరిగి వచ్చి నేనీ బ్లాగులో రాసుకుంటానని ఆవిడకి తెలుసు. పేపరు ముక్కలో ఉన్న వార్త చిన్నది. ఫరీదాబాద్‌లో కొందరు స్థానికులు కలిసి తమ కాలనీ చరిత్ర సేకరిస్తున్నారట. నెలకొక ఆదివారం, వచ్చినవాళ్ళని వెంటబెట్టుకుని ఆ వీధుల్లో నడిపిస్తూ అన్నీ చూపిస్తారట. రుసుమేమీ లేదు.

"నన్ను తీసుకెళ్తావా బేటా? చిన్నప్పుడు కొన్నాళ్ళు అక్కడే ఉన్నాం," అన్నారు ఆంటీ.

"మీ అబ్బాయికి చెప్తే కార్లో తీసుకెళ్తారు కదా ఆంటీ?"

"వాడొద్దు. పది నిమిషాలకోసారి గడియారం చూసుకుంటాడు."

నిజంగా అదే కారణమనుకున్నాను. మా ఆయన మాత్రం, "ఈ చలిలో ఫరీదాబాద్ ఏంటి? గోల్కొండ చూసిన కళ్ళతో ఫ్యాక్టరీ గొట్టాలు చూస్తావా?" అని నవ్వారు. రెండో ఆదివారం ఉదయం ఏడున్నరకి ఆంటీ నేతశాలువా కప్పుకుని, కాళ్ళకి ఉన్ని మేజోళ్ళు వేసుకుని, నా కంటే ముందే మెట్ల దగ్గర నిలబడి ఉన్నారు.

సరోజినీ నగర్ నుంచి నిజాముద్దీన్ స్టేషన్‌కి ఆటోలో అరవై రూపాయలు తీసుకున్నాడు. మీటరు పనిచేయడం లేదన్నాడు, అది ఎప్పుడూ ఉన్నదే. ఎదురుగా పది గజాల దూరంలో వాహనం కనపడని పొగమంచు. "ఫరీదాబాద్‌లో చూడ్డానికి ఏముంది మేడమ్?" అని ఆటో భయ్యా అద్దంలోంచి అడిగితే నేను జవాబు వెతుక్కునేలోపే ఆంటీ, "ఏమీ లేదు," అన్నారు. బస్సులో వెళ్ళాలనుకునేవాళ్ళకి ఒక మాట. బదర్‌పూర్ దగ్గర ఫ్లైఓవర్ పనుల వల్ల రోడ్డంతా తవ్వేసి ఉంది, అక్కడే గంట పోతుంది. అందుకే లోకల్ రైలు నయం. పల్వల్ వైపు వెళ్ళే లోకల్ ఎనిమిదిన్నరకి రావాల్సింది, తొమ్మిదీ పదికి వచ్చింది. టిక్కెట్లు ఇద్దరికీ కలిపి చాయ్ ఖర్చు కూడా కాలేదు. మామూలుగా అరగంట ప్రయాణం, ఆ రోజు మంచులో ఆగి ఆగి ముప్పావుగంట పట్టింది. ఆంటీ కిటికీ పక్కన కూర్చుని, కనపడని బయటికే చూస్తూ ఉన్నారు. మామూలుగా ఆవిడ పక్కవాళ్ళ ఊరూ పేరూ కనుక్కోకుండా పది నిమిషాలు ఉండలేరు. ఆ రోజు నేను ఇంటి నుంచి తెచ్చిన ఆలూ పరాఠా కూడా వద్దన్నారు.

దిగాల్సింది ఫరీదాబాద్ న్యూటౌన్ స్టేషన్లో. అంతకు ముందొచ్చే ఫరీదాబాద్ స్టేషన్లో దిగితే పాత ఊరికి పోతారు. స్టేషన్ బయట సైకిల్ రిక్షా ఎక్కి, పేపర్లో రాసిన చౌరస్తా పేరు చెప్పాం. ఇక్కడి బోర్డుల మీద ఎన్‌హెచ్ ఒకటి, ఎన్‌హెచ్ రెండు అని ఐదు దాకా ఉంటాయి. అవి నేషనల్ హైవేలనే నేను ఇన్నాళ్ళూ అనుకున్నాను. కాదట, నైబర్‌హుడ్ అట. దేశ విభజన తర్వాత సరిహద్దు ప్రాంతం నుంచి, ముఖ్యంగా ఇప్పటి పాకిస్తాన్‌లోని బన్నూ వైపు నుంచి వచ్చిన కుటుంబాల కోసం ఐదు పేటలుగా గీసి కట్టిన ఊరు ఇది. కట్టింది కూడా వాళ్ళే. గుడారాల్లో ఉంటూ, పగలు ఇటుకలు మోస్తూ, తమ ఇళ్ళు తామే కట్టుకున్నారు. ఢిల్లీలో ఉంటూ ఇంత దగ్గరలో ఇలాంటి ఊరుందని తెలియనందుకు నాకే సిగ్గేసింది.

మేము చేరేసరికి పదింపావు అయింది, నడక అప్పుడే మొదలవుతోంది. పదిహేను మంది దాకా ఉన్నాం. ఎక్కువ మంది కాలేజీ పిల్లలు, ఒకరిద్దరు కెమెరాలు వేసుకున్నవాళ్ళు, ఒక రిటైరైన జంట. నడిపించేది గులాటీ మాస్టారు. డెబ్బై దగ్గర పడ్డ మనిషి, కోతిటోపీ, మెడలో చిన్న మైకు, నడుముకి దాని స్పీకరు. అదే పేటలో పెరిగి, అదే పేట బడిలో లెక్కలు చెప్పి రిటైరయ్యారు. "మా నాన్న చేతిలో తాపీ ఉండేది, నా తల మీద ఇటుకలు ఉండేవి. ఈ ఊరు ఎవరూ మాకు దానం చేయలేదు," అని మొదలుపెట్టారు. గొంతు గట్టిది, చెప్పడం బాగా తెలిసిన మనిషి. ఎర్ర ఇటుకల పాత క్వార్టరు ఎలా ఉండేదో ఆయన వర్ణిస్తుంటే వినాలి. రెండు గదులు, ఒక వంటిల్లు, ముందు ఆకాశం కనపడే వాకిలి. ఇప్పుడు అలాంటివి వీధికొకటి మిగిలితే గొప్ప. చాలాచోట్ల వాటిని పడగొట్టి మూడంతస్తులు లేపారు, గోడలకి బాత్రూం పలకలు అతికించారు. మిగిలినవాటికి తాళాలు. ఒక ఇంటి వాకిట్లో పాత ఫ్రిజ్‌లు పేర్చి ఉన్నాయి. మంచు విడవలేదు. చెట్ల నుంచి నీళ్ళు బొట్లు బొట్లుగా కారుతున్నాయి, కాలువ పక్కన నడుస్తున్నంతసేపూ కాలిన ప్లాస్టిక్ వాసన.

ఆంటీ అందరికంటే వెనక నడిచారు. ఆవిడకి తోడుగా నేనూ వెనకే. మాస్టారు గుంపుని ఒక ఇరుకు సందు మొదట్లో ఆపారు. ఆయన ముఖం చూస్తేనే తెలిసిపోతోంది, ఇది ఆయనకి బాగా ఇష్టమైన కథ.

"ఈ సందుకి మునిసిపాలిటీ పెట్టిన నంబరు ఉంది. కానీ పాతవాళ్ళని అడగండి, చోర్‌వాలీ గలీ, అంటే దొంగ సందు అంటారు. ఎందుకంటే, ఈ ఊరు కడుతున్నన్నాళ్ళూ ఇక్కడ జరిగింది ఒకే ఒక్క దొంగతనం. అప్పట్లో సిమెంటంటే బంగారం. ఒక మహానుభావుడు పనిలోంచి అరబస్తా సిమెంటు ఎత్తుకుపోయాడు. వాడి గుడారంలో ఖాళీ సంచీ దొరికింది. మనవాళ్ళు పోలీసుల దగ్గరికి పోలేదు. అదే సంచీలో మట్టి నింపి, వాడి నెత్తిన పెట్టి, ఈ సందు చివరి నుంచి గుడారాల దాకా నడిపించారు. వెనక పిల్లలందరూ సీమెంట్ చోర్, సీమెంట్ చోర్ అని ఒకటే కేకలు. ఆ తర్వాత ఈ ఊళ్ళో ఎవరూ ఒక్క మేకు ముట్టలేదు!"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ సంగతి రాయడం ఇష్టం లేదు గానీ, రాయకపోతే అబద్ధం అవుతుంది.

అప్పుడు నా పక్క నుంచి ఆంటీ గొంతు వినిపించింది. "మాస్టర్‌జీ, ఆయన పేరేమిటి?"

"పేరా బెహన్‌జీ? ఎవరికి గుర్తుంటుంది? బోరీవాలా అనేవాళ్ళం. బస్తావాడు."

"సిమెంటు ఎందుకు తీసుకున్నాడట?"

"ఇంకెందుకు? పాత ఊళ్ళో అమ్ముకోడానికి," అని మాస్టారు చేతి కర్రతో ముందుకి చూపించారు. గుంపు కదిలింది.

ఆంటీ కదల్లేదు. పక్కనే ఒక ఇంటి గడప మెట్టు మీద కూర్చుండిపోయారు. బీపీ ఎక్కువైందేమోనని నేను బ్యాగులో నీళ్ళ సీసా వెతుకుతున్నాను. ఆవిడ నా చెయ్యి పట్టుకుని ఆపారు. చెయ్యి ఐసులా ఉంది. "ఏం కాలేదు. పద," అన్నారు. ఇంటికి వెళ్ళిపోదామా అని అడిగితే వద్దన్నారు. మిగతా నడక అంతా నేను ఆవిడనే చూస్తూ నడిచాను. పాత బడి, గుడారాలు వేసిన మైదానం, మొదటి డిస్పెన్సరీ గది, అన్నీ చూశాం. నాకు ఒక్కటీ సరిగ్గా గుర్తులేదు.

నడక పన్నెండున్నరకి ఒకటో నంబరు మార్కెట్లో చాయ్ దుకాణం దగ్గర ముగుస్తుంది. అక్కడ చాయ్, బ్రెడ్ పకోడీ బాగుంటాయి, ఎవరి డబ్బు వాళ్ళు ఇచ్చుకోవాలి. పిల్లలు కప్పులు పట్టుకుని ఫోటోలు దిగుతున్నారు. ఆంటీ నేరుగా మాస్టారు కూర్చున్న బెంచీ దగ్గరికి వెళ్ళి, ఆయన ఎదురుగా కూర్చున్నారు.

"ఆయన పేరు ఠాకుర్‌దాస్. మా నాన్న," అన్నారు.

మాస్టారు చాయ్ కప్పు కింద పెట్టి, ముందుగా మెడలో మైకు ఆపేశారు.

ఆంటీ చెప్పింది చాలా తక్కువ మాటల్లో. నేను పక్కనే నిలబడి విన్నాను. ఆ చలికాలం గుడారాల్లో పిల్లలకి దగ్గూ జ్వరాలూ వచ్చాయి. ఆంటీకి అప్పుడు తొమ్మిదేళ్ళు. చెల్లెలికి ఇంకా రెండో ఏడు నిండలేదు, గుడ్డీ అని పిలిచేవాళ్ళు. నాలుగు రోజుల జ్వరంతో పోయింది. అంత చిన్నపిల్లల్ని దహనం చేయరు, పాతిపెడతారు. గుట్టల వైపు తుమ్మచెట్ల మధ్య వాళ్ళ నాన్న, ఇంకో ఇద్దరు కలిసి పాతిపెట్టి వచ్చారు. మర్నాడు పొద్దున్నే ఆయనొక్కడే చూసి వద్దామని వెళ్ళాడు. తిరిగొచ్చి ఎవరితోనూ మాట్లాడలేదు.

"నక్కలు," అన్నారు ఆంటీ. "ఆ రోజు సాయంత్రం పని అయ్యాక నన్ను రమ్మన్నాడు. నా చేతికి నీళ్ళ బాల్టీ ఇచ్చాడు. భుజం మీద అరబస్తా ఉంది. మళ్ళీ పూడ్చి, రాళ్ళు పేర్చి, చేతులతోనే సిమెంటు కలిపి పైన మొత్తం మెత్తాడు. మీ అమ్మకి చెప్పకు, అన్నాడు. అంతే."

"పెద్దలు పంచాయతీ పెట్టి అడిగారు కదా..." అన్నారు మాస్టారు.

"అడిగారు. ఎవరికి అమ్మావు అని అడిగారు. మా అమ్మ అక్కడే ఆడవాళ్ళలో నిలబడి ఉంది. ఆయన నోరు విప్పితే ఆవిడ వింటుంది. నేను చెప్పేద్దామని ముందుకి వెళ్ళాను. నాన్న నన్ను చూసి తల అడ్డంగా ఊపాడు."

నెల తిరక్కుండా వాళ్ళు ఊరు వదిలి ఢిల్లీ వెళ్ళిపోయారట. రావలసిన క్వార్టరు రాలేదు. ఆయన తర్వాత ఒక బట్టల కొట్లో లెక్కలు చూసుకుంటూ బతికాడు. "ఆయన పోయేదాకా అమ్మ దెప్పుతూనే ఉంది. నీ అరబస్తా సిమెంటుకి మా ఇల్లు పోయింది అని. అన్నం వడ్డిస్తూ కూడా అనేది. ఆయన తినేసి లేచి వెళ్ళిపోయేవాడు. ఆయన పోయాక అమ్మకి చెబుదామని ఎన్నిసార్లు అనుకున్నానో. చెబితే ఆవిడ రెండు దుఃఖాలు మోయాలి. చెప్పలేదు."

మాస్టారు బల్ల మీద ఉన్న తన చేతుల వైపు చూశారు. తర్వాత, "బెహన్‌జీ, కథలో ఆ పిల్లలు అన్నాను కదా," అన్నారు. "అందరికంటే ముందు నేనున్నాను. నా దగ్గర నెయ్యి డబ్బా ఒకటి ఉండేది. దాని మీద కర్రతో కొడుతూ నడిచాను." ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

ఆంటీ ఓదార్చలేదు. "మీరు ఏడవకండి మాస్టర్‌జీ. మా నాన్న ఆ రోజు ఏడవలేదు," అన్నారు. అంత కఠినంగా ఆవిడ మాట్లాడడం నేనెప్పుడూ వినలేదు.

చాయ్ దుకాణం దగ్గరే కాలేజీ పిల్లలకి వీడ్కోలు చెప్పేసి, మాస్టారు ఆ చోటు చూద్దామని మా ఇద్దర్నీ ఆటో ఎక్కించి తనూ ఎక్కారు. గుట్టల వైపు పది పదిహేను నిమిషాల దారి. ఆంటీ జ్ఞాపకంలో ఉన్న గుర్తులు రెండే. తుమ్మచెట్లు, వాటి వెనక వంపు తిరిగిన బండరాయి. మేము దిగినచోట మూతపడ్డ ఫ్యాక్టరీ ప్రహరీగోడ ఉంది. దాని పొడవునా ఇనుప తుక్కు, లారీ టైర్లు, పాత బ్యాటరీల కుప్పలు. గుట్ట అవతల సగం క్వారీకి పోయింది. గేటు దగ్గర చలిమంట కాచుకుంటున్న వాచ్‌మన్‌ని మాస్టారు అడిగారు, ఇక్కడ ఒకప్పుడు పిల్లల్ని పాతిపెట్టే చోటు ఉండేదట, తెలుసా అని.

"నేనొచ్చి ఇరవై ఏళ్ళయింది సాబ్. అప్పటికే ఈ గోడ ఉంది," అన్నాడతను. ఆంటీ ముఖం చూసి, "మాతాజీ, రండి, కాసేపు మంట దగ్గర కూర్చోండి," అని తను కూర్చున్న స్టూలు జరిపాడు.

ఆంటీ కూర్చోలేదు. గోడ పొడవునా చివరిదాకా నడిచి, మళ్ళీ వెనక్కి వచ్చారు. ఒకచోట ఆగి, తుక్కు మధ్య నేలని చెప్పుతో కొంచెం గీకారు. కింద నల్లటి నూనె మట్టి. "ఇక్కడో, ఆ గోడ లోపలో," అన్నారు. నేను చెయ్యి పట్టుకుంటే వదిలించుకోలేదు.

ఆటో వైపు నడుస్తుంటే మాస్టారు, "వచ్చే నెల ఆ సందు దగ్గరే నిలబడి నిజం మొత్తం చెప్తాను. మైకులో చెప్తాను. నేను డబ్బా కొట్టానని కూడా చెప్తాను," అన్నారు.

"వద్దు," అన్నారు ఆంటీ.

"ఇప్పుడు అమ్మగారు లేరు కదా బెహన్‌జీ. ఇంకా దాచడం ఎందుకు?"

"అంతమంది ముందు నిలబెట్టినా ఆయన చెప్పని మాట అది. ఆదివారం షికారుకి వచ్చినవాళ్ళకి, చాయ్‌కి ముందు, మీరు చెప్తారా?"

"అలా అయితే ఆయన దొంగగానే ఉండిపోతాడు."

"అక్కడ ఆగకండి. ఆ సందు దాటి వెళ్ళిపోండి. అంతే చేయండి," అన్నారు ఆంటీ.

మాస్టారు స్టేషన్ దాకా వచ్చి, మేము వద్దన్నా రైలు వచ్చేదాకా ప్లాట్‌ఫారం మీదే నిలబడ్డారు. రైలు కదిలేటప్పుడు చేతులు జోడించారు. ఆంటీ తిరిగి నమస్కారం పెట్టారు. ఆవిడ ఆయన్ని క్షమించారో లేదో నాకు తెలియదు, నేను అడగలేదు.

మూడున్నర లోకల్లో జనం తక్కువ. తుగ్లకాబాద్ దాటాక ఆంటీ పొద్దుటి పరాఠా ఉందా అని అడిగారు. చల్లారి గట్టిపడిన దాన్నే విరిచి తిన్నారు. "ఇది కూడా నీ కంప్యూటర్లో రాస్తావా?" అన్నారు. రాయనని మాటిచ్చాను. ఆవిడ శాలువా మీద పడ్డ ముక్కలు దులుపుకున్నారు.

"నువ్వు రాసేది నీ భాషలోనే కదా? మావాళ్ళెవరికీ రాదు కదా?"

"రాదు ఆంటీ."

"అయితే రాసుకో బేటా. పేర్లు మార్చు. ఆయన దొంగ కాదని ఎక్కడో ఒకచోట రాసి ఉండాలి కదా."

ఆవిడ ఆ మాట అని నెలన్నర అయింది. రాయాలా వద్దా అని తేల్చుకోలేక, మధ్యలో ఫిబ్రవరి నడకకి నేనొక్కదాన్నే వెళ్ళి వచ్చాను. మాస్టారు మాట తప్పలేదు. ఆ సందు దగ్గర ఆగలేదు. కానీ ఇంతకు ముందు వచ్చిన కుర్రాడెవరో, "సార్, చోర్‌వాలీ గలీ ఇదే కదా?" అని వెనక నుంచి అరిచాడు. మాస్టారు తిరిగి చూడకుండా, "ఇదే," అని నడుస్తూ పోయారు. గుంపులో కొందరు ఆగి ఆ సందుని ఫోటో తీసుకున్నారు. నేను ఇన్నేళ్ళుగా కోటల ముందూ సమాధుల ముందూ నిలబడి గైడ్లు చెప్పిన కథలన్నీ రాసుకొచ్చాను. రాజులకి జవాబు చెప్పుకోడానికి రాయించిన గ్రంథాలున్నాయి. ఒక పేట కథలో నవ్వడానికి పనికొచ్చిన మనిషికి ఏమీ లేదు, ఆయన బాల్టీ మోసిన కూతురు తప్ప. ఆ కూతురికి ఇప్పుడు మోకాళ్ళ నొప్పులు, మెట్లు దిగడమే కష్టంగా ఉంది. మెట్ల మీద ఆవిడ కొడుకు కనపడి, "మమ్మీకి ఫరీదాబాద్‌లో ఏం చూపించారండీ? అప్పటి నుంచి మాట తగ్గించేసింది," అని అడిగారు. పాత ఇళ్ళు చూశామని చెప్పాను.

వెళ్ళాలనుకునేవాళ్ళకి ఒక్క సూచన. చలికాలంలో లోకల్ రైళ్ళు ఎలాగూ ఆలస్యమవుతాయి కాబట్టి ఎనిమిదిన్నర బండిని నమ్ముకోకుండా దానికి ముందు బండికే బయల్దేరండి. అలా వెళ్తే గుంపులో ముందు చోటు దొరుకుతుంది గానీ, మీరు వెనకే నడవండి. మైకులో చెప్పేది అక్కడికీ వినపడుతుంది, మెల్లగా నడిచే పెద్దవాళ్ళు మాత్రం అక్కడే ఉంటారు.